రక్తప్రసరణ తగ్గింది, పెట్ స్కాన్‌లో వెలుగు తగ్గలేదు. మందు పనిచేస్తున్నట్టా, లేనట్టా?

#1 నాన్నకూతురు

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ చదివి వెళ్లిపోయేదాన్ని, రాయడం ఇదే మొదలు. తప్పులుంటే సర్దుకోండి.

నాన్నకి పెద్దపేగు క్యాన్సర్. సిగ్మాయిడ్ (పెద్దపేగు చివర్లో ఎడమవైపు వంపు) దగ్గర గడ్డ, కాలేయంలో రెండు మచ్చలు. వైద్యం మొదలుపెట్టే ముందు ఒక పరిశోధన గురించి చెప్పి, ఇష్టమైతే చేరమన్నారు. "పోయేదేముంది, ఇంకో రెండు సూదులు" అని నాన్న సంతకం పెట్టేశారు. మొదటి విడతలో బెవాసిజుమాబ్ ఒక్కటే ఇచ్చారు, కీమో రెండో విడత నుంచి కలుపుతారట. మందుకు ముందు ఒకసారి, తర్వాత రెండు వారాల లోపు ఇంకోసారి పెట్-సీటీ, పర్ఫ్యూజన్ సీటీ రెండూ తీశారు.

పేగు గడ్డ సంగతి మాత్రమే రాస్తున్నాను:

పర్ఫ్యూజన్ సీటీలో రక్తప్రసరణ ముందు 68, ఇప్పుడు 41.
పెట్‌లో ఎస్‌యూవీ మాక్స్ ముందు 8.4, ఇప్పుడు 7.9.

ఒక కాగితం చూస్తే ధైర్యం వస్తోంది, రెండోది చూస్తే గుండె జారిపోతోంది. పైగా రెండో పెట్‌లో కుడివైపు పేగంతా పొడుగ్గా వెలుగుతోంది, మొదటిసారి అంత లేదు. డాక్టరు గారిని కలవడానికి ఇంకా నాలుగు రోజులుంది. నిద్ర పట్టడం లేదు. ఎవరైనా అర్థమయ్యేలా చెబుతారా?

#2 తొందరరాజు

వెలుగు తగ్గలేదంటే క్యాన్సర్ తగ్గలేదనే. పైగా కొత్తచోటకి పాకింది. ఆలస్యం చేయకుండా మందు మార్చమని అడగండి.

#3 గామాకౌంటర్

రాజు గారూ, ఆగండి. బొమ్మ చూడకుండా తీర్పు ఇచ్చేస్తే ఎలా?

నేను న్యూక్లియర్ మెడిసిన్‌లో టెక్నాలజిస్టుని, డాక్టర్ని కాను. అమ్మా, ముందు ఒక్క ప్రశ్న. నాన్నగారికి షుగర్ ఉందా? మెట్‌ఫార్మిన్ వాడుతున్నారా?

#4 నాన్నకూతురు

ఉందండి. మొదటి స్కాన్‌కి ముందు రెండు రోజులు ఆపమన్నారు, ఆపాం. రెండోసారి ఎవరూ చెప్పలేదు, మాకూ గుర్తు రాలేదు. వేసుకునే వచ్చారు.

#5 గామాకౌంటర్

అనుకున్నాను. మెట్‌ఫార్మిన్ వేసుకున్నవాళ్ల పేగు గోడ ఎఫ్‌డీజీని, అంటే పెట్‌కి ముందు సూదితో ఎక్కించే చక్కెర లాంటి రేడియోధార్మిక మందుని, బాగా పీల్చుకుంటుంది. పేగు పొడవునా, మెలికలు తిరిగి, ఒక గొట్టంలా వెలుగుతుంది. ఇలాంటివి వారానికి రెండుమూడు చూస్తుంటాం. క్యాన్సర్ అయితే చాలాసార్లు ఒకచోట ముద్దలా కనిపిస్తుంది. మీరు "పొడుగ్గా" అన్నారు కాబట్టే అడిగాను. అయినా ఆ వెలుగు మాటున చిన్నది ఏదైనా దాక్కుని ఉండొచ్చు కాబట్టి రిపోర్టు రాసేవాళ్లకి మాత్ర సంగతి తప్పక చెప్పండి. ఇకమీదట మాత్ర ఆపాలా వద్దా అన్నది షుగర్ చూసే డాక్టరే చెప్పాలి, మీ అంతట మీరు ఆపొద్దు.

#6 లెక్కలమాస్టారు

నాదో సందేహం. మా ఆవిడ రిపోర్టులోనూ ఈ ఎస్‌యూవీ ఉంది. మొదట చదివినప్పుడు కారు గురించి అనుకున్నాను. అది అసలు దేనికి కొలత? ప్రమాణం లేని అంకె చూస్తే నాకు కడుపులో తిప్పుతుంది.

#7 గామాకౌంటర్

మాస్టారూ 😀 లెక్కే చెబుతాను.

70 కిలోల మనిషికి 350 మెగాబెక్వెరెల్ (రేడియోధార్మికతకి కొలత) మందు ఎక్కించాం అనుకోండి. అది ఒళ్లంతా సమానంగా పరుచుకుంటే గ్రాముకి 5 కిలోబెక్వెరెల్. గడ్డ దగ్గర కొలిస్తే 40 వచ్చింది. 40ని 5తో భాగిస్తే 8. అంటే ఆ చోటు సగటు కంటే ఎనిమిది రెట్లు పీల్చుకుంది. అదే ఎస్‌యూవీ. ప్రమాణాలు కొట్టేసుకుపోతాయి, అందుకే మీకు వట్టి అంకె కనిపించింది.

ఇందులో మనిషి బరువుంది, ఎక్కించిన మోతాదుంది, ఎక్కించాక ఎంతసేపు ఆగామన్నదీ ఉంది. ఎఫ్‌డీజీలో ఉండే రేడియోధార్మిక ఫ్లోరిన్-18 సగం ఆయుష్షు, అంటే సగానికి తరిగే సమయం, 110 నిమిషాలు. ఆ తరుగుదలని యంత్రం సరిచేస్తుంది. కానీ గడ్డ మాత్రం గంట దాటినా పీల్చుకుంటూనే ఉంటుంది. ఒకసారి 60 నిమిషాలకి, ఇంకోసారి 85కి తీస్తే అంకె దానంతట అదే పెరగొచ్చు. రక్తంలో చక్కెర ఎక్కువుంటే అది ఎఫ్‌డీజీతో పోటీపడి అంకెని దించుతుంది. అందుకే సూదికి ముందు వేలు గుచ్చి చూస్తాం. 200 దాటితే చాలాచోట్ల వాయిదా వేస్తారు. అప్పటికప్పుడు ఇన్సులిన్ ఇచ్చి దించేద్దామన్నా కుదరదు, మందంతా కండరాల్లోకి పోతుంది.

వేరే యంత్రం మీద తీసిన ఎస్‌యూవీని పక్కన పెట్టుకుని పోల్చుకోవడం మాత్రం దయచేసి మానండి.

#8 లెక్కలమాస్టారు

ఇప్పుడు అర్థమైంది. ధన్యవాదాలు. మాక్స్ అంటే గడ్డ మొత్తంలో ఒకే ఒక్క గడి అంకె అన్నమాట. తరగతిలో మొదటి ర్యాంకు పిల్లాడి మార్కులు చూసి తరగతి మొత్తం ఎలా చదువుతోందో చెప్పినట్టుంది.

#9 ఫిల్మ్‌రూమ్

మాస్టారి పోలిక బాగుంది, నేను వాడుకుంటాను. నేను రేడియాలజిస్టుని. పొద్దున్న నుంచి ఈ చర్చ చూస్తున్నాను, ఇప్పటికి తీరిక దొరికింది.

నాన్నకూతురు గారూ, మీ రెండు కాగితాలూ ఒకదాన్నొకటి కొట్టేయడం లేదు. అవి అడిగిన ప్రశ్నలే వేరు.

పెట్‌లో ఇచ్చే ఎఫ్‌డీజీ గ్లూకోజ్ లాంటిదే, చిన్న మార్పుతో. కణం దాన్ని గ్లూకోజ్ అనుకుని గోడ మీద ఉన్న గ్లట్-1 ద్వారం గుండా లోపలికి లాక్కుంటుంది. లోపల హెక్సోకైనేజ్ అనే ఎంజైమ్ దానికి ఒక ఫాస్ఫేట్ తగిలిస్తుంది. అసలు గ్లూకోజ్ అయితే అక్కడి నుంచి ముందుకెళ్లి ఖర్చైపోయేది. ఇది ముందుకూ పోలేదు, వెనక్కీ రాలేదు. గంటలో అలా ఇరుక్కుపోయినదాన్నే మనం బొమ్మ తీస్తాం. కాబట్టి పెట్ చెప్పేది ప్రధానంగా "ఈ కణాలు చక్కెరని ఎంత ఆబగా లాగుతున్నాయి" అని.

పర్ఫ్యూజన్ సీటీ కణం లోపలికి తొంగి కూడా చూడదు. అయోడిన్ కాంట్రాస్ట్‌ని గబుక్కున రక్తంలోకి తోసి, ఒకే చోటుని సెకన్ల తేడాతో మళ్లీమళ్లీ తీస్తాం. కాంట్రాస్ట్ ధమనిలోకి ఎప్పుడొచ్చింది, గడ్డలోకి ఎంత వేగంగా ఎక్కింది, ఎలా దిగింది అని గీత గీస్తాం. ఆ గీతలోంచే 100 గ్రాముల కణజాలానికి నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్ల రక్తం వస్తోందో లెక్కకడతాం. మీ 68, 41 అవే.

బెవాసిజుమాబ్ క్యాన్సర్ కణం మీదకి నేరుగా పోదు. కొత్త రక్తనాళాలు మొలవడానికి గడ్డ పంపే వీఈజీఎఫ్ అనే సంకేతాన్ని పట్టి ఆపుతుంది. దాని మొదటి దెబ్బ రక్తనాళాలకే తగలాలి. తగిలినట్టే మీ కాగితంలో కనిపిస్తోంది. చక్కెర తినే కణాలు ఇంకా అక్కడే ఉన్నాయి, వాటి పని చూడాల్సిన కీమో ఇంకా మొదలే కాలేదు.

#10 కొత్తపీజీ

సర్, ఇది చదవగానే నాకు విలెట్, రాకేశ్ జైన్‌ల బృందం పేపర్ గుర్తొచ్చింది, గత నెలే క్లాసులో చెప్పాను. 2004లో నేచర్ మెడిసిన్‌లో వచ్చింది. పురీషనాళ క్యాన్సర్ ఉన్న ఆరుగురికి బెవాసిజుమాబ్ ఒక్కటే ఒక డోసు ఇచ్చి 12 రోజులకి చూశారు. సీటీలో రక్తప్రసరణ 40 శాతం పైనే పడిపోయింది. గడ్డ లోపలి ద్రవాల ఒత్తిడి కూడా తగ్గింది. ఎఫ్‌డీజీ పీల్చుకోవడం మాత్రం చెప్పుకోదగ్గంత మారలేదు! అక్కయ్య గారి రెండు కాగితాలూ అచ్చం అలాగే ఉన్నాయి.

#11 తొందరరాజు

ఆరుగురితో ఏం తేలుతుంది?

#12 కొత్తపీజీ

నిజమే రాజు గారూ, ఆరుగురితో మందు ప్రాణం నిలబెడుతుందా అన్నది తేలదు. వాళ్ల ప్రశ్న అది కాదు. మందు మనిషి గడ్డలో రక్తనాళాల మీద నిజంగా పనిచేస్తుందా అని చూశారు. మెటాస్టాటిక్ (వేరే అవయవాలకి పాకిన) పెద్దపేగు క్యాన్సర్‌లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది పెద్ద ట్రయల్ మీద, అదీ 2004 ఫిబ్రవరిలోనే.

#13 నాన్నకూతురు

ఆరుగురైనా సరే, "ఇలా ఇంతకుముందు కూడా జరిగింది" అని చదివితే ఊపిరి ఆడింది. తమ్ముడూ, థాంక్స్.

కానీ ఒకటి అర్థం కాలేదు. రక్తం తగ్గితే చక్కెర చేరడం కూడా తగ్గాలి కదా? దారి మూసేస్తే సరుకు ఎలా వస్తోంది?

#14 ఫిల్మ్‌రూమ్

మంచి ప్రశ్న అడిగారు. దీని మీద ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. నాకు సబబు అనిపించేవి రెండు కారణాలు.

ఒకటి, గడ్డలో రక్తనాళాలు మన మామూలు నాళాల్లా ఉండవు. వంకర్లు, చిల్లులు, మధ్యలో ఆగిపోయేవి. రక్తం బోలెడు వస్తుంది, సగం పని లేకుండా అడ్డదారిన పోతుంది. వీఈజీఎఫ్‌ని ఆపితే పనికిరాని నాళాలు రాలిపోయి, మిగిలినవి కాస్త దారిలో పడతాయన్నది జైన్ వాదన. అప్పుడు వచ్చే రక్తం తక్కువైనా కణాలకి అందేది అంతగా తగ్గకపోవచ్చు. కీమో మందు కూడా లోపలికి బాగా చేరుతుందని ఆశ.

రెండోది ఇంత ముచ్చటైన సంగతి కాదు. రక్తం తగ్గి ఆక్సిజన్ అందకపోతే కణంలో హిఫ్-1 అనే ప్రోటీన్ పోగుపడుతుంది. కణం ఆక్సిజన్‌ని ఎలా పసిగడుతుందో తేల్చినందుకే 2019లో సెమెంజా, కేలిన్, రాట్‌క్లిఫ్‌లకి నోబెల్ వచ్చింది. హిఫ్-1 ఏం చేస్తుందంటే, గ్లట్-1 ద్వారాలు ఇంకా ఎక్కువ తెరిపిస్తుంది, ఆక్సిజన్ లేకుండా చక్కెర కాల్చే పద్ధతిని పెంచుతుంది. అంటే తిండి తక్కువ వస్తున్నా, వచ్చినదాన్ని ఇంకా గట్టిగా లాక్కుంటుంది. రక్తం తక్కువ, వెలుగు ఎక్కువ ఉన్న గడ్డల్ని మేం కాస్త జాగ్రత్తగా చూసేది అందుకే. ఆక్సిజన్ లేని చోట రేడియేషన్ సరిగా పనిచేయదు, రక్తం చేరని చోటికి మందూ చేరదు.

మీ నాన్నగారి విషయంలో ఈ రెండింట్లో ఏది ఎంత అన్నది ఈ కాగితాలతో ఎవరూ చెప్పలేరు. నేనైతే చెప్పను.

#15 మూడోఏడు

నేను పేషెంటుని. మూడో ఏడు నడుస్తోంది. సైన్సు మీరంతా చెప్పేశారు, నేను బల్ల మీద పడుకున్న సంగతి చెబుతాను.

పెట్ అంటే హడావుడి ఉంటుందనుకున్నా. ఏమీ లేదు. సీసం తొడుగున్న సిరంజితో సూది వేసి, లైటు తగ్గించిన గదిలో పడుకోబెట్టి, గంటసేపు మాట్లాడొద్దు, ఫోన్ చూడొద్దు అన్నారు. నేను పక్క బెడ్ ఆయనతో కబుర్లు పెట్టుకున్నా. తర్వాత రిపోర్టులో "స్వరతంతువుల దగ్గర గ్రహణ, శారీరకం" అని వచ్చింది, అంటే అక్కడ మందు చేరింది కానీ జబ్బు కాదు, మామూలేనని. నా వాగుడు కూడా స్కాన్‌లో పడింది!

పర్ఫ్యూజన్ సీటీ దానికి పూర్తిగా వ్యతిరేకం. నిమిషం, నిమిషంన్నర. కాంట్రాస్ట్ పడగానే గొంతులోంచి పొత్తికడుపు దాకా వేడి దిగిపోయింది, బట్టలు తడిసిపోయాయేమో అని నిజంగా చేత్తో తడుముకున్నా. తడవలేదు. బల్ల ముందుకీ వెనక్కీ కదులుతుంటే ఊపిరి మెల్లగా తీయమన్నారు. అంతకుముందు పేగు కదలకుండా ఇంకో సూది వేశారు, నోరెండిపోయింది. అది ఎవరూ ముందు చెప్పలేదు.

#16 ఫిల్మ్‌రూమ్

ఆ కదలకుండా వేసే సూది చాలా ముఖ్యం. పేగు తనపాటికి తను మెలికలు తిరుగుతుంటే మేం కొలిచే చోటు ఒక ఫ్రేములో గడ్డ, ఇంకో ఫ్రేములో గాలి అవుతుంది. గీత చెడిపోతుంది. దీర్ఘంగా ఊపిరి తీసినా అంతే.

నాన్నకూతురు గారూ, మీరు డాక్టరుని అడగాల్సింది కూడా ఇదే. రెండుసార్లూ ఒకే యంత్రమా, ఒకే సాఫ్ట్‌వేరా, కొలిచింది ఒక్కరేనా? పర్ఫ్యూజన్‌లో సాఫ్ట్‌వేర్ మారితే అంకె మారిపోతుంది.

పెట్ వైపు చూస్తే, 8.4 నుంచి 7.9 అంటే 6 శాతం తేడా. ఇంత తేడా అదే మనిషిని ఏ మందూ ఇవ్వకుండా రెండుసార్లు తీసినా వస్తుంది. పెర్సిస్ట్ అనే ప్రమాణాలు 2009 నుంచి వాడుకలో ఉన్నాయి. వాటి ప్రకారం కనీసం 30 శాతం తగ్గితేనే "స్పందన" అంటారు, అదీ మాక్స్‌తో కాదు, గడ్డలో బాగా వెలిగే చిన్న ముద్ద సగటుతో, కొవ్వు తీసేసిన బరువు లెక్కన. కాబట్టి 7.9ని తగ్గిందనొద్దు, పెరిగిందనొద్దు. అక్కడే ఉంది.

#17 లెక్కలమాస్టారు

> కొలిచింది ఒక్కరేనా?

రక్తప్రసరణలోనూ లెక్క ఉందన్నారు కదా, అదీ చెబితే ఈ రాత్రి ప్రశాంతంగా పడుకుంటాను.

#18 కొత్తపీజీ

మాస్టారూ, చాలా చిన్న లెక్క. గడ్డలో ఎప్పుడూ నిలిచి ఉండే రక్తం ఎంత, ఒక చుక్క లోపలికొచ్చి బయటికి పోవడానికి ఎంతసేపు పడుతుంది, ఈ రెండూ తెలిస్తే చాలు. మొదటిదాన్ని రెండోదాంతో భాగించాలి. 100 గ్రాముల్లో 6 మిల్లీలీటర్ల రక్తం ఉండి, చుక్క 6 సెకన్లలో దాటితే, 6 సెకన్లంటే నిమిషంలో పదో వంతు కాబట్టి 60. ఉదాహరణకే చెప్పాను. అసలు లెక్కలో కాంట్రాస్ట్ నాళంలోంచి బయటికి కారిపోవడం కూడా చూడాలి, అక్కడ నాకే తల తిరుగుతుంది.

#19 తొందరరాజు

ఇంకోటి అడగనా, కోప్పడొద్దు. క్యాన్సర్ చక్కెర తింటుందని స్కానే చూపిస్తోంది కదా. మరి చక్కెర పూర్తిగా మానేస్తే గడ్డ పస్తుండి చావదా?

#20 గామాకౌంటర్

కోపమెందుకండీ, రోజుకి ఒకరైనా అడుగుతారు. స్కాన్‌లో అన్నిటికన్నా ఎక్కువ వెలిగేవాటిలో మెదడు ఒకటి. మీరు చక్కెర మానేసినా కాలేయం తయారుచేసి మరీ రక్తంలో వదులుతుంది, మెదడు బతకాలి కాబట్టి. ఆ రక్తంలోంచే గడ్డా తీసుకుంటుంది. ఆక్సిజన్ అందుబాటులో ఉన్నా గడ్డ చక్కెరని ఇలా వృథాగా కాల్చేస్తుందని వార్‌బర్గ్ 1920లలోనే గమనించారు. పస్తు పెట్టి చంపే ఉపాయం అప్పటి నుంచీ ఎవరికీ చిక్కలేదు. పేషెంట్లు బరువు తగ్గిపోవడం మాత్రం నేను కళ్లారా చూస్తున్నాను.

#21 నాన్నకూతురు

ఒక చివరి ప్రశ్న, మళ్లీ విసిగించను. కాలేయంలో మచ్చలు మామూలు సీటీలో నల్లగా కనిపించాయి, పెట్‌లో ఒకటి బాగా వెలుగుతోంది, చిన్నది అసలు కనపడలేదు. చిన్నది క్యాన్సర్ కాదనుకోవచ్చా?

#22 ఫిల్మ్‌రూమ్

అనుకోవద్దు. సెంటీమీటరు లోపు ఉన్నవాటిని పెట్ తరచూ వదిలేస్తుంది. ఊపిరితో కాలేయం పైకీ కిందికీ కదులుతుంది, ఉన్న కాస్త వెలుగూ అలికినట్టు పరుచుకుపోతుంది. మ్యూసిన్ అనే జిగురు ఎక్కువ ఉన్న రకం గడ్డలైతే పెద్దవైనా సరిగా వెలగవు. కీమో పడ్డాక ఇది ఇంకా ఎక్కువ. వెలుగు ఆరిపోయిన చోట కూడా చాలాసార్లు కణాలు బతికే ఉంటాయి. కాలేయం మచ్చలు తేల్చాలంటే ఎంఆర్ఐ మీద నాకు ఎక్కువ నమ్మకం.

నల్లగా ఎందుకంటే, మామూలు కాలేయానికి ముప్పాతిక రక్తం పేగుల నుంచి వచ్చే పోర్టల్ సిర ద్వారా వస్తుంది. పేగు క్యాన్సర్ మచ్చలు మాత్రం ప్రధానంగా ధమని మీద బతుకుతాయి. సిరలో కాంట్రాస్ట్ నిండే సమయానికి బొమ్మ తీస్తే చుట్టూ కాలేయం తెల్లబడుతుంది, మచ్చ చీకటిగా మిగిలిపోతుంది. రక్తం లేక నలుపు కాదు, వేరే దారి రక్తం కాబట్టి నలుపు.

ఇంకో మాట. ఈ చర్చ చదివి మిగతావాళ్లు "మాకు పెట్ తీయలేదేం" అని కంగారు పడొద్దు. పెద్దపేగు క్యాన్సర్‌లో మొదట ఎంత వరకు పాకిందో చూడటానికి కాంట్రాస్ట్ సీటీ, పురీషనాళమైతే ఎంఆర్ఐ. సీఈఏ (రక్తపరీక్షలో చూసే క్యాన్సర్ గుర్తు) పెరుగుతూ సీటీలో ఏమీ దొరకనప్పుడు పెట్ నిజంగా పనికొస్తుంది. కాలేయం ఆపరేషన్ ముందు అందరికీ తీస్తే ఏమవుతుందో కెనడాలో ట్రయల్ చేశారు, 2014లో ఫలితాలొచ్చాయి. వందలో ఎనిమిది మందికి ఆపరేషన్ ప్లాన్ మారింది. ఆయుష్షులో తేడా కనపడలేదు. పర్ఫ్యూజన్ సీటీ అయితే పేగు క్యాన్సర్‌కి ఇప్పటికీ ఎక్కువగా పరిశోధనల్లోనే.

మీ దగ్గర పర్ఫ్యూజన్ రంగు బొమ్మలు ఉన్నాయా? ఉంటే పక్కన నిలువుగా ఒక రంగుల పట్టీ ఉంటుంది. రెండు బొమ్మల్లోనూ ఆ పట్టీ మీద పై అంకె ఒకటేనా చూడండి. వేరైతే ఒకే ఎరుపు రెండింట్లో వేర్వేరు రక్తప్రసరణని చూపిస్తుంది.

#23 నాన్నకూతురు

డాక్టరు గారిని కలిసొచ్చాం. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. పరిశోధన స్కాన్లని బట్టి మందు మార్చేది లేదు, అనుకున్నట్టే కీమో కలిపి కొనసాగిస్తాం, రెండు నెలలకి మామూలు సీటీ తీసి కొలుస్తాం అన్నారు. ఒకే యంత్రం, ఒకే సాఫ్ట్‌వేర్, కొలిచింది కూడా ఒక్కరేనట. కుడి పేగు వెలుగు గురించి నేను మెట్‌ఫార్మిన్ అనగానే రేడియాలజీకి ఫోన్ చేసి, కంప్యూటర్లో బొమ్మ తెరిచి చూసి "అదే అయి ఉంటుంది, కొలనోస్కోపీలో ఎలాగూ అటువైపు శుభ్రంగానే ఉంది" అన్నారు. గామాకౌంటర్ గారూ, మీకు దండం. కాలేయం ఆపరేషన్ దాకా వెళ్తే బెవాసిజుమాబ్ కొన్ని వారాల ముందే ఆపాలట, పుండు మానదని. అది కొత్తగా తెలిసింది.

#24 మూడోఏడు

సంతోషం తల్లీ. నాన్నగారికి నా మాటగా చెప్పు, ఈసారి నోరెండిపోతుందని ముందే చెప్పి చిన్న సీసాలో నీళ్లు పెట్టుకోమను. సూది అయ్యాక తాగనిస్తారేమో అడిగి.

#25 నాన్నకూతురు

చెబుతానండి.

ఫిల్మ్‌రూమ్ గారూ, పట్టీ చూశాను. మొదటి బొమ్మలో పైన 100 ఉంది, రెండోదాంట్లో 60. ఇన్ని రోజులూ రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టుకుని, రెండోది కూడా ఎర్రగానే ఉందే అని ఏడ్చాను. ఇందాక నాన్నకి చూపిస్తే ఆయనా అదే అన్నారు, "ఎర్రగానే ఉంది కదే." పట్టీ మీద వేలు పెట్టి చూపించాను. కళ్లజోడు తెచ్చుకుని రెండు అంకెలూ పైకి చదివారు.